అన్న వాటా

ఆ ఇంట్లో కోసేవాడు ఎప్పుడూ అన్న. ముందు తీసుకునేవాడు తమ్ముడు.

తల్లి పెట్టిన నియమం అది. చిన్నతనంలో రొట్టె ముక్క కోసం ఇద్దరూ జుట్లు పట్టుకుంటే, ఆవిడ కత్తి పెద్దవాడి చేతికిచ్చి, "నువ్వు కొయ్యి. ముందు ఎంచుకునేది వాడు," అంది. ఆ రోజు నుంచి పెద్దవాడు ప్రాణమంతా కళ్ళలో పెట్టుకుని కోసేవాడు. చిన్నవాడు రెండు ముక్కల్నీ అటు తిప్పి ఇటు తిప్పి, ఎంత వెతికినా తేడా దొరక్క, ఉక్రోషంగా ఒకటి లాక్కునేవాడు.

తల్లి పోయింది. చెల్లెలు పెళ్ళి చేసుకుని వెళ్ళింది, కొన్నాళ్ళకి ఆవిడా పోయింది. అన్నదమ్ములిద్దరూ పుస్తకాలు బైండు చేసే పనిలో కుదురుకున్నారు. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. ముందు గదిలో పొడవాటి బల్ల, ఇనుప మరతో తిప్పి బిగించే ప్రెస్సు, అట్టలు, గుడ్డ చుట్టలు. వెనక గదిలో రెండు మంచాలు, ఒక కిటికీ. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే అన్న, "మా ఇంట్లో ఏదైనా సగమేనండీ. సగం మొగుడికి ఎవరొస్తారు?" అని నవ్వేసేవాడు. తమ్ముడు నవ్వేవాడు కాదు. అతనికి ఎవరో ఒకరు వచ్చి ఉండేవారేమోనని వీధిలో అనుకునేవారు. అది వేరే సంగతి.

వీధికి ఒకాయన పెద్దాయన, ఒకాయన చిన్నాయన. డెబ్బై దాటి జుట్టంతా తెల్లబడ్డా చిన్నాయన చిన్నాయనే.

నడివయసులో అన్నకి నిద్ర పట్టని జబ్బు పట్టుకుంది. డాక్టరు మాత్ర రాసిచ్చాడు. మొదటి రోజు మొత్తం మాత్ర వేసుకుని అన్న మర్నాడు మధ్యాహ్నం దాకా కదల్లేదు. తమ్ముడు హడలిపోయి మొహాన చెంబుడు నీళ్ళు కొట్టాడు. "చంపుతావా ఏంట్రా," అని అన్న లేచి కూర్చున్నాడు. ఆ సాయంత్రం కాగితం కోసే కత్తి తీసి, మాత్రని సరిగ్గా మధ్యకి కోశాడు. రెండు సగాల్నీ అట్టముక్క మీద పెట్టి, అలవాటు కొద్దీ తమ్ముడి ముందుకి జరిపాడు. తమ్ముడు అలవాటు కొద్దీ ఒకటి తీసుకుని మింగాడు.

అతనికి నిద్ర పట్టని జబ్బేమీ లేదు. పడుకుంటే రాయిలా నిద్రపోయే మనిషి. కానీ అన్న కోశాడు, తను తీసుకున్నాడు. ఇద్దరికీ అందులో వింతేమీ తోచలేదు. కొన్ని నెలలకి ఆ సగం లేకపోతే తమ్ముడికి కూడా కన్ను మూతపడని పరిస్థితి వచ్చింది. అలా ఏళ్ళు గడిచాయి. మాత్ర అలాగే ఉంది, కత్తి అలాగే ఉంది. వాళ్ళు మాత్రం ముసలివాళ్ళయ్యారు.

ఒక చలికాలం ఉదయం ప్రెస్సు మర తిప్పుతూ తిప్పుతూ అన్న, "ఉండరా," అని స్టూలు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

అన్నీ అయ్యాక, వచ్చినవాళ్ళు వెళ్ళాక, చిన్నాయన మొదటిసారి మాత్రని తనే కోశాడు. కత్తి కాస్త పక్కకి జరిగింది. ఒక సగం పెద్దది, ఒకటి చిన్నది. అట్టముక్క మీద పెట్టాడు. కోసినవాడు ముందు తీసుకోకూడదు. కూర్చున్నాడు. టీ చల్లారింది. ఎవరూ తీసుకోలేదు. చివరికి చిన్నది తీసి మింగాడు. పెద్దది అట్ట మీద ఉండిపోయింది, అన్న మర్చిపోయి వెళ్ళినట్టు. దాన్ని అలా చూస్తూ పడుకోవడం అతనివల్ల కాలేదు. మందు వృథా చేయకూడదులే అనుకున్నాడు. పైకి అనుకున్నది అది. రెండోది కూడా మింగాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఎవరికీ తెలియలేదు. తెలిసే దారి లేదు. మందుల షాపులో మాత్రల షీటు ఇదివరకు ఎన్నాళ్ళకి కొనేవాడో ఇప్పుడూ అన్నాళ్ళకే కొంటున్నాడు. ఆ షీటు లెక్క ప్రకారం ఇంట్లో మనుషులు తగ్గలేదు. కొత్త డాక్టరు చీటీ తిరగరాస్తూ, "రోజుకెన్ని వేసుకుంటారు?" అని అడిగితే, "ఒకటి," అన్నాడు. అబద్ధం కాదు. ఆ ఇంట్లో ఎప్పుడూ రోజుకొకటే.

*

తర్వాతి కాలం అతనికి సరిగా గుర్తులేదు.

పొద్దున లేస్తే తల నానిన అట్టలా ఉండేది. బంక కలిపి, కుంచె ముంచి, ఎందుకు ముంచాడో ఆలోచించే లోపల బంక గట్టిపడేది. దబ్బనంలో దారం ఎక్కించడానికి కూర్చుంటే పూట గడిచిపోయేది. ఒకసారి గడప దాటుతూ కాలు ఎక్కడ పెట్టాడో తెలియక బోర్లా పడ్డాడు. మోచెయ్యి నల్లగా కమిలిపోయింది. ఎవరైనా అడిగితే, "వయసండీ," అనేవాడు. అందరూ ఒప్పుకునేవారు. అంత తేలిగ్గా అందరూ ఒప్పుకునే జవాబు ఇంకోటి లేదు.

ఒక రోజు పిల్లల లైబ్రరీ నడిపే మేడమ్ ఒక కథల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. వారం కిందట అతను బైండు చేసి ఇచ్చిందే.

"చిన్నాయనా, ఇందులో రాజు ముందు చచ్చిపోయి, తర్వాత పెళ్ళి చేసుకుని, ఆఖర్న పుడుతున్నాడు," అంది. "పిల్లలకైతే తెగ నచ్చింది. నాకే బుర్రకెక్కలేదు."

ఆవిడ నవ్వింది. అతను నవ్వలేదు. పుస్తకం తీసుకుని వెన్ను ఊడదీసి చూశాడు. అచ్చయిన కాగితం మడిస్తే అది ఒక ఫారం. ప్రతి ఫారం వెన్ను మీదా చిన్న నల్లగీత ఉంటుంది. ఫారాలు వరసగా పేరిస్తే గీతలు మెట్లలా దిగుతాయి. ఒక్క మెట్టు తప్పినా గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఇక్కడ మెట్లే లేవు. గీతలు ఇష్టమొచ్చినట్టు చెదిరి ఉన్నాయి.

"ఇది నేను కుట్టలేదు," అన్నాడు.

"మరెవరు కుట్టారు?"

అతను వెనక గది వైపు చూశాడు. ఆవిడ నవ్వడం మానేసింది.

"పెద్దాయన ఎక్కడ చిన్నాయనా?" అని మెల్లగా అడిగింది.

"బయటికెళ్ళాడు," అన్నాడు.

పెద్దాయన్ని సాగనంపిన రోజు ఆవిడ కూడా వచ్చింది, పక్కనే నిలబడింది. పుస్తకం అక్కడే వదిలి, షాపు గోడ మీద సుద్దతో రాసి ఉన్న నంబరు చూసుకుని, బయటికెళ్ళి ఫోన్ చేసింది.

*

ఆ నంబరు మేనకోడలిది. చెల్లెలి కూతురు. బస్సు డిపోలో డ్రైవర్లకి డ్యూటీలు వేసే ఉద్యోగం. రోజంతా కాదన్నవాణ్ణి ఔననిపించే పని కావడంతో ఆమె మాటకి కాస్త పదునెక్కువ. ఆదివారం పొద్దున వచ్చి, తలుపు దగ్గరే చెప్పులు విడుస్తూ ముక్కు ఎగబీల్చింది.

"ఏదో మాడుతోంది మావయ్యా."

"ఏం లేదే."

ఆమె లోపలికి పరుగెత్తి స్టౌ ఆర్పింది. కెటిల్ అడుగు నల్లగా ఊడిపోయింది. దాన్ని పట్టుకుని వచ్చి అతని ముందు పెట్టింది.

"ఇది ఎన్నోది?"

"మొదటిది."

"పోయిన నెల నేను కొనిచ్చింది ఏమైంది? ఎగిరిపోయిందా?"

అతను ఆలోచించాడు. "ఇదే అది కదా," అన్నాడు.

ఆమె ఎదురుగా కూర్చుంది. చాలాసేపు గోళ్ళు చూసుకుంది. ఈ మాట డిపోలో ఎన్నిసార్లు తనలో తను చెప్పుకుని వచ్చిందో, అంత సాఫీగా చెప్పింది.

"నేనొక చోటు చూశాను. వయసైన వాళ్ళు ఉండే చోటే. గది బావుంది. కిటికీ కూడా ఉంది."

"ఇక్కడా ఉంది కిటికీ."

"కిటికీ ఉంది. మనుషులేరీ?"

అతను కిటికీ వైపు చూశాడు.

"ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం," అంది. "మతిమరుపు జబ్బేనని ఆవిడ తేల్చిందనుకో, షాపు నెలాఖరుకి అప్పజెప్పేద్దాం. కాదందనుకో, నీ ఇష్టం. నేను నోరెత్తను."

"నువ్వు నోరెత్తకుండా ఉన్నది నువ్వు పుట్టకముందే," అన్నాడు.

ఆమె నవ్వబోయి ఏడ్చింది. అతనికి ఆ ఏడుపు ఎక్కడో పక్కింట్లో వినిపించినట్టు వినిపించింది. భుజం మీద చెయ్యి వెయ్యాలని తెలుసు. చెయ్యి లేచేసరికి ఆమె కళ్ళు తుడుచుకుని లేచిపోయింది.

క్లినిక్‌కి వెళ్ళే బస్సులో అతను పెదాలు కదుపుతూ కూర్చున్నాడు.

"ఏంటి గొణుగుతున్నావు?"

"వారాల పేర్లు. అడుగుతారట కదా."

"వల్లించి వెళ్ళడానికి ఇదేమన్నా స్కూలు పరీక్షా?"

"ఫెయిలైతే షాపు పోతుందన్నావుగా."

ఆమె కిటికీ వైపు తిరిగింది.

*

డాక్టరమ్మ నిదానం మనిషి. తెల్ల కోటు మీద స్వెట్టరు వేసుకుని ఉంది. గొడుగు, నిమ్మకాయ, రైలు, ఈ మూడు మాటలూ గుర్తుంచుకోమంది. తర్వాత కాగితమిచ్చి గడియారం బొమ్మ గీయమంది. జీవితమంతా కొలతలతో బతికిన చెయ్యి కాబట్టి చుట్టు మాత్రం అచ్చు పోసినట్టు వచ్చింది. అంకెలు వేసేసరికి అన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి, వాన పడుతుంటే చూరు కిందికి చేరిన మనుషుల్లా. అతనే ఆ బొమ్మని చూసి తలదించుకున్నాడు.

"ఇందాక మూడు మాటలు చెప్పాను."

"గొడుగు," అన్నాడు. ఆగాడు. "గొడుగు."

మేనకోడలు తన చీర కొంగుని వేలికి చుట్టుకుంటోంది.

"మందులేమైనా వాడతారా?"

మేనకోడలు సంచీ తిప్పి బల్ల మీద పోసింది. బీపీ మాత్రలు. నిద్రమాత్రలు. డాక్టరమ్మ నిద్రమాత్రల షీటు తీసి వెనకా ముందూ చూసింది.

"ఇది ఎప్పటి నుంచి?"

"నడివయసు నుంచీనండి. ఏళ్ళ తరబడి వాడుతున్నా. దాంతో ఎప్పుడూ ఏ ఇబ్బందీ లేదు."

"రోజుకెన్ని?"

"ఒకటండి."

"అవునండి, ఒకటే," అంది మేనకోడలు. "నాకు తెలుసు. నా చిన్నప్పటి నుంచి చూస్తున్నా. పెద్ద మావయ్య కత్తితో కోసేవాడు, ఇద్దరూ కలిసి..."

అక్కడ ఆమె మాట ఆగిపోయింది. వేలికి చుట్టిన కొంగు వదిలేసింది.

"మావయ్యా. పెద్ద మావయ్య సగం ఏం చేస్తున్నావు?"

అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఎంతో మామూలు సంగతి అడుగుతున్నారు, తప్పు చేసినవాణ్ణి అడిగినట్టు అడుగుతున్నారు.

"ఎవరూ తీసుకోవట్లేదు కదా మరి," అన్నాడు.

డాక్టరమ్మ అంతా మొదటి నుంచి చెప్పించుకుంది. కోసేవాడు, తీసుకునేవాడు, అట్టముక్క, అన్నీ. ఒక్కసారి కూడా నవ్వలేదు. అది అతనికి నచ్చింది.

"చూడండి," అంది చివరికి. "మందు లోపలికి వెళ్ళాక దాన్ని కాలేయం విరగ్గొట్టాలి, మూత్రపిండాలు బయటికి పంపాలి. మీ నడివయసులో ఆ రెండూ చురుగ్గా పని చేశాయి. ఇప్పుడు అవీ డెబ్బై దాటాయి."

"నాతో పాటే పుట్టాయి కదండీ."

"అందుకే మీలాగే నిదానించాయి. మీరు పొద్దున ఎంత మెల్లగా లేస్తారో, అవీ అంత మెల్లగానే లేస్తాయి. ఇంకోటి. వయసు మీద పడేకొద్దీ ఒంట్లో నీరు తగ్గుతుంది, కొవ్వు వాటా పెరుగుతుంది. ఈ మందు కొవ్వులో చేరి కూర్చునే రకం. తొందరగా కదలదు. నిన్నటిది ఇంకా గుమ్మంలోనే ఉంటుంది, ఇవాళ్టిది వచ్చి పడుతుంది. మీరు మింగేది రోజుకొకటే. ఒంట్లో ఉండేది మాత్రం ఒకటి కాదు."

"అప్పుడు కూడా అదే మాత్ర కదండీ."

"మాత్ర అదే. మనిషి మారాడు. మెదడు కూడా ఈ వయసులో కొంచెం మందుకే ఎక్కువ తూలుతుంది. మీ అన్నయ్య ఉండి, మీరు పాత సగమే వేసుకుంటున్నా, ఈపాటికి ఆ సగం కూడా మీకు ఎక్కువయ్యేది. మీరు రెండు వాటాలూ వేసుకుంటున్నారు."

"అయితే నాకు మతి పోలేదా?"

మేనకోడలు కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఇప్పుడే చెప్పలేను," అంది డాక్టరమ్మ. "ముందు మందు దించాలి. చాలా మెల్లగా, నేను చెప్పినట్టు. ఒక్కసారిగా ఆపేశారంటే ప్రమాదం, ఫిట్స్ కూడా రావచ్చు. అంతా దిగాక మిగిలేది మీరు. అప్పుడు మీతో మాట్లాడతాను."

బయటికొచ్చాక మేనకోడలు మెట్ల మీద నిలబడి, "చదువుకున్నదాన్ని. ప్రతి నెలా వచ్చి చూస్తున్నదాన్ని. రెండో సగం సంగతి నాకు తట్టనే లేదు," అంది.

"నాకు మాత్రం తట్టిందా," అన్నాడు అతను. ఆమెని ఓదార్చడానికి అన్నాడు. ఆ మాట అబద్ధమని కొన్ని అడుగులు వేశాక తోచింది.

*

మందు దించడం పుస్తకం ఊడదీయడం లాంటి పని. లాగితే చిరుగుతుంది. ఒక్కో కుట్టూ తెంపుకుంటూ రావాలి.

సగాన్ని మళ్ళీ కోయడం నేర్చుకున్నాడు. ముందు అన్న వాటాలోంచి ఒక ముక్క తీసేశాడు. కొన్ని వారాలకి ఇంకో ముక్క. చేతులు వణికాయి. ఒంటికి చెమటలు పట్టాయి. నిద్ర సగంలోనే చెదిరిపోయేది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "అయితే తొందరపడొద్దు, ఇంకో రెండు వారాలు ఇక్కడే ఆగుదాం," అంది. ఆగాడు. అన్న వాటా మొత్తం పోయేసరికి చలి తగ్గింది. తర్వాత తన వాటా మొదలుపెట్టాడు.

ఒక ఉదయం లైబ్రరీ పుస్తకం తీశాడు. దారాలన్నీ తెంపి, ఫారాలు విడదీసి, ఒకదాని మీద ఒకటి పేర్చాడు. గీతలు మెట్లలా దిగాయి. రాజు పుట్టాడు, పెళ్ళి చేసుకున్నాడు, చచ్చిపోయాడు. మేడమ్ వచ్చి తిరగేసి చూసి, "అయ్యో, బోరు కొట్టించేశారు," అంది. ఈసారి అతను నవ్వాడు.

ఆవిడ వెళ్ళాక ఆ నవ్వు గురించి చెప్పడానికి వెనక గదిలోకి వెళ్ళాడు. వెళ్ళి, నిలబడిపోయాడు.

గదిలో ఒకే మంచం ఉంది.

కిటికీ కింద రెండో మంచం ఉండాల్సిన చోట నేల కాస్త లేత రంగులో ఉంది. నాలుగు మంచం కోళ్ళ గుర్తులు. గోడకి మేకు ఉంది, దానికి అన్న కోటు లేదు. గూట్లో అన్న కళ్ళజోడు లేదు. ఏదో ఇవాళే, ఇందాక తను షాపులో ఉండగా ఎవరో వచ్చి ఎత్తుకుపోయినట్టు అనిపించింది. గబగబా మేనకోడలికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మీ పెద్ద మావయ్య మంచం ఏది?"

వెనక బస్సుల హారన్లు. "ఏ మంచం?"

"కిటికీ కింద ఉండాలి కదా."

"మావయ్యా, అది పోయినేడాదే ఇచ్చేశాం. పక్క వీధి పెయింటరు పట్టుకెళ్ళాడు. నువ్వే ఇచ్చెయ్యమన్నావు. కొన్నాళ్ళు ఉంచుదామని నేనే అన్నాను."

"నేను ఇచ్చెయ్యమన్నానా?"

"నువ్వే. తలుపు పట్టుకుని నిలబడ్డావు కూడా. 'జాగ్రత్త, గోడకి తగులుతుంది' అన్నావు."

అతను కోళ్ళ గుర్తుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

"కళ్ళజోడు?"

"నా దగ్గరుంది. నువ్వే ఇచ్చావు." ఆమె గొంతు తగ్గింది. పక్కన ఎవరినో, "ఒక్క నిమిషం ఆగండి బాబూ, బస్సు మీ మీదెక్కి పోదు," అని కసిరింది. మళ్ళీ ఫోన్ దగ్గరికొచ్చింది. "మావయ్యా. నీకేం గుర్తులేదా?"

"నేను ఏడ్చానా?"

"లేదు. ఒక్క చుక్క కూడా. అందరూ మెచ్చుకున్నారు, గుండె దిటవు అని."

"మెచ్చుకున్నారా," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక మంచం లేని చోట నేల మీద కూర్చున్నాడు. అన్న పోయాడన్న సంగతి అతనికి తెలుసు. ఎప్పుడూ తెలుసు. కానీ తెలిసిన సంగతీ తనూ వేర్వేరు గదుల్లో ఉన్నట్టు ఇన్నాళ్ళూ గడిచింది. ఇప్పుడు అది తలుపు తోసుకుని వచ్చింది. అందరూ ఏడ్చి, తుడుచుకుని, మర్చిపోయి వెళ్ళిన చావు. పలకరించడానికి ఎవరూ రారు. అందరి లెక్కలో అది పాతబడిపోయింది. అతనికి మాత్రం కొత్తది.

తర్వాతి రోజులు పొడుగ్గా ఉండేవి. ఇదివరకు వినపడనివన్నీ వినపడేవి. పై అంతస్తులో కుర్చీ జరిపిన చప్పుడు, కుళాయి బొట్టు, వీధిలో ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలవడం. సాయంత్రం షాపు మూశాక వెనక గదిలోకి వెళ్ళడానికి కాళ్ళు రాక, ఊరికే బల్ల తుడిచేవాడు. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచేవాడు.

మాత్రలు ఇంకా ఉన్నాయి, గూట్లో రేకు డబ్బాలో. రోజూ వేసుకునేది ఇప్పుడు గోటి మీద నిలిచేంత ముక్క. ఒక సాయంత్రం డబ్బా తీసి, నిండు మాత్ర ఒకటి అరచేతిలో పెట్టుకున్నాడు. అది వేసుకుంటే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. తల మళ్ళీ మెత్తబడుతుంది. ఫారాలు చెదురుతాయి. కెటిల్ మాడుతుంది. షాపు పోతుంది. ఇంకో సంగతి కూడా తెలుసు. దాన్ని డాక్టరమ్మకి చెప్పలేదు, మేనకోడలికీ చెప్పలేదు. ఆ మత్తులో అన్న పూర్తిగా పోలేదు. ఎవరైనా వచ్చి అడిగితే, "బయటికెళ్ళాడు," అని చెప్పినప్పుడల్లా అది అబద్ధంలా ఉండేది కాదు. బయట ఎక్కడో అన్న నడుస్తూ ఉండేవాడు. సగం కోసి ఉంచితే వచ్చేవాడు.

మాత్ర అరచేతి చెమటకి మెత్తబడింది. అతను చేసింది గొప్ప పనేం కాదు. అన్న ఉంటే కోయకుండా మింగనివ్వడు అనుకున్నాడు. కోయడానికి కత్తి కోసం చూశాడు. కత్తి ముందు గదిలో ఉంది. తీసుకురావడానికి వెళ్తే బల్ల మీద సగం కుట్టిన పుస్తకం కనిపించింది. అలా వదిలేస్తే దారం వదులై ముడి జారుతుంది. మాత్రని ఎడమ గుప్పిట్లో ఉంచుకునే కూర్చుని కుట్టాడు. కుట్టు అయ్యేసరికి అరచేతిలో నలిగిన తెల్లటి పిండి తప్ప ఏమీ లేదు. కుళాయి కింద కడిగేసుకున్నాడు.

*

రెండోసారి క్లినిక్‌కి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కొత్త మాటలు మూడు ఇచ్చింది. మూడూ చెప్పాడు. "పోయినసారివి కూడా చెప్పనా?" అని, "గొడుగు, నిమ్మకాయ, రైలు," అన్నాడు. అంకెలు గడియారంలో ఎక్కడివక్కడ కూర్చున్నాయి.

"వయసుకి ఉండే నిదానం ఉంది. అంతే," అంది డాక్టరమ్మ. "మతిమరుపు జబ్బు లక్షణాలు నాకు కనపడట్లేదు. ఆర్నెల్లకొకసారి వచ్చి చూపించుకోండి. ఇకమీదట ఎవరు ఏ కొత్త మందు రాసినా, తక్కువతో మొదలుపెట్టమని మీరే అడగండి. నిద్ర ఎలా ఉంది?"

"పడుతుందండి. పోతుందండి. వస్తుందండి."

"అది మామూలే. మనసు?"

అతను చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. డాక్టరమ్మ కాసేపు ఎదురుచూసి, తల ఊపి, ఇంకోసారి అడగలేదు.

బస్టాపులో మేనకోడలు చాలాసేపు పెదవి కొరుకుతూ నిలబడింది.

"నోరెత్తనన్నాను కదా. ఎత్తట్లేదు," అంది.

"ఎత్తెయ్యి, పగిలిపోతావు."

"ఆ గది ఇంకా ఖాళీగానే ఉందట. జబ్బు లేదులే, నాకు తెలుసు. అయినా నువ్వొక్కడివే ఆ గదిలో... నాకు భయంగా ఉంది మావయ్యా. అంతే. ఇంకేం లేదు."

అతను ఈసారి చెయ్యి ఎత్తి ఆమె భుజం మీద వేశాడు.

"నాకూ భయంగానే ఉంది," అన్నాడు. "కానీ నాకు తెలివొచ్చింది ఇప్పుడే కదే. అన్న పోయిన ఇల్లు అది. ఇంకా సరిగా కూర్చోలేదు నేను అక్కడ. కొన్నాళ్ళు కూర్చోనీ."

బస్సు వస్తే డ్రైవరు ఆమెని గుర్తుపట్టి, "మేడమ్, రేపు నాకు ఆఫ్ ఇస్తారా?" అన్నాడు. "ముందు మా మావయ్యని జాగ్రత్తగా దించు. తర్వాత చూద్దాం," అంది.

*

వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఎవరో నడివయసు మనిషి లావుపాటి నిఘంటువు ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. అట్ట ఊడి వేలాడుతోంది. చాలా ఏళ్ళు వేరే ఊళ్ళో ఉండి ఈ మధ్యే తిరిగి వచ్చానని చెప్పాడు.

"మా నాన్నగారు ఇక్కడే బైండు చేయించారు. నేను పిల్లాణ్ణి అప్పుడు. మీరిద్దరుండేవారు కదూ? పెద్దాయన ప్రెస్సు తిప్పుతుంటే నేను గుడ్లప్పగించి చూస్తూ నిలబడేవాణ్ణి. ఆయన లేరా?"

అలవాటైన మాట నాలుక చివరికి వచ్చింది. అతను నిఘంటువు వెన్ను మీద చెయ్యి వేశాడు. కుట్టు ఇంకా గట్టిగానే ఉంది.

"మా అన్న పోయాడండి," అన్నాడు.

బయటికి ఆ మాట అతను అనడం అదే మొదలు. అంటున్నప్పుడు గొంతు తనదిలా లేదు. అన్నాక తనదే అయింది.

"అయ్యో," అన్నాడు వచ్చినతను. ఏం చెయ్యాలో తెలియక స్టూలు మీద కూర్చున్నాడు. మళ్ళీ కూర్చోవచ్చో లేదోనని సగం లేచాడు. "ఎప్పుడండీ?"

"పోయిన ఏడాది. చలికాలంలో."

"మరి మీరొక్కరేనా ఇక్కడ?"

"ఒక్కణ్ణే."

వచ్చినతను వెంటనే వెళ్ళిపోలేదు. బల్లనీ, ప్రెస్సునీ చూస్తూ కాసేపు కూర్చున్నాడు. తర్వాత, "వచ్చే వారం రమ్మంటారా?" అన్నాడు.

"ఆ పై వారం రండి. ఒక్కడితో ఆలస్యమవుతుంది."

అతను వెళ్ళాక చిన్నాయన ఊడిన అట్ట తీసేసి, వెన్నుకి బంక రాసి, కొత్త గుడ్డ అంటించి, పుస్తకాన్ని ప్రెస్సులో నిలబెట్టాడు. ఈ పని ఇద్దరిది. ఒకరు పుస్తకం కదలకుండా పట్టుకోవాలి, ఒకరు మర తిప్పాలి. ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో తిప్పాడు. పుస్తకం ఒక పక్కకి జారింది. మర వదులు చేసి, సరిచేసి, మళ్ళీ తిప్పాడు. మళ్ళీ జారింది. అప్పుడు ఏడుపు వచ్చింది. షాపు తలుపు తెరిచే ఉంది, వీధిలో మనుషులు నడుస్తున్నారు. ప్రెస్సు పట్టుకుని, నిలబడే, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరో ఒకరు గుమ్మం దగ్గర ఆగి, చూసి, వెళ్ళిపోయారు.

బంక ఆరిపోతోంది. మొహం మోచేత్తో తుడుచుకున్నాడు. పుస్తకాన్ని పొట్టతో ఆనించి పట్టి, రెండు చేతులతోనూ మర తిప్పాడు. ఈసారి నిలిచింది.